పంతులమ్మకు డాక్టరేట్ ఎందుకు?

రెడ్డిగూడెం మామిడి తోటల ఊరు. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అని రాస్తున్నాం గానీ ఇక్కడివాళ్ల నోట ఇది ఇప్పటికీ కృష్ణా జిల్లా మెట్టే. ఇక్కడి కాయ నున్న మార్కెట్‌కు పోతుంది. ఇక్కడ చదువుకున్న పిల్లలు హైదరాబాదు, గల్ఫు, అమెరికా పోతారు. అట్లా పోయినవాళ్లలో బడి పాఠాలు చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల గురించి పత్రికల్లో రాసేవాళ్లు తక్కువ.

ఈ సంవాదంలో ఇద్దరే మాట్లాడతారు. ఒకరు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి, హెడ్‌మాస్టరుగా రిటైరైన పెద్దాయన. రెండోవారు ఆయన తమ్ముడి కూతురు. మస్కట్‌లో ఒక సీబీఎస్‌ఈ బడిలో లెక్కల టీచరు. ఉద్యోగం చేసుకుంటూనే, బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయం నుంచి ఎడ్‌డీ, అంటే బడిలో పనిచేసేవాళ్ల కోసం పెట్టిన డాక్టరేట్, చెయ్యాలని ఆమె పట్టుదల. పెదనాన్నకది ససేమిరా నచ్చలేదు. ఇద్దరి మాటల్లోనూ బరువుంది గనక ఎవరి పక్షమూ తగ్గించకుండా రాస్తున్నాను.

పెదనాన్న: ఏవమ్మా, ఉద్యోగం వదలవు, బ్రిటన్ వెళ్లి ఉండవు, పట్టా మాత్రం అక్కడిది కావాలి. ఇదెక్కడి చదువు?

అమ్మాయి: పూర్తిగా దూరవిద్య కాదు పెదనాన్నా, సగమే. మొదటి రెండు మూడేళ్లు పేపర్లుంటాయి. పరిశోధన పద్ధతులు, విద్యావిధానం, నాయకత్వం, ఇట్లాంటివి. వేసవిలో ఒకటి రెండు వారాలు అక్కడికి వెళ్లి క్లాసుల్లో కూర్చోవాలి. మిగతాదంతా మస్కట్ నుంచే. పేపర్లు గట్టెక్కాక థీసిస్. చివర్లో వైవా. బయటి యూనివర్సిటీ నుంచి ఒక పరీక్షకుడు వచ్చి అడుగుతాడు.

పెదనాన్న: థీసిస్ ఎంతుంటుంది?

అమ్మాయి: పీహెచ్‌డీకి ఎనభై వేల మాటలంటారు. దీనికి చాలాచోట్ల నలభై, యాభై వేలు.

పెదనాన్న: అంటే సగం డాక్టరేటన్నమాట.

అమ్మాయి: పేపర్లకు రాసేది కూడా కలిపితే కొలత దాదాపు సరిపోతుంది. అసలు తేడా కొలతలో లేదు. పీహెచ్‌డీ చేసేవాళ్లను ఆ శాస్త్రానికి కొత్త సంగతి చేర్చమంటారు. ఎడ్‌డీలో ఏమంటారంటే, నువ్వు రోజూ చేసే పనిలో నీకు ఎదురైన చిక్కు ఒకటి తీసుకో, దాన్ని పద్ధతిగా పట్టి చూడు, ఏం తేలిందో నీలాంటి టీచర్లకు పనికొచ్చేట్టు రాయి అంటారు. ఇది నిన్నామొన్నటిది కాదు. హార్వర్డులో ఈ పట్టా మొదటిసారి ఇచ్చింది 1921లో.

పెదనాన్న: నేనూ చదివాను. ఆ హార్వర్డే పదేళ్ల కిందట దాన్ని తీసేసి పీహెచ్‌డీ పెట్టుకుంది. పుట్టినచోటే నిలవని పట్టాకు నువ్వు పౌండ్లు పోస్తావా?

అమ్మాయి: తీసేశారు, నిజమే. కానీ అంతకుముందే, 2010లో, బళ్లను నడిపేవాళ్లకని వేరే డాక్టరేట్ ఒకటి అక్కడే పెట్టారు. పరిశోధకులకొకటి, పనిచేసేవాళ్లకొకటి అని రెండు దారులూ విడదీశారు. అంతకుముందు రెండూ కలగాపులగమై ఉండేవి. 2006లో లీ షుల్మన్ అనే ఆయన సహచరులతో కలిసి ఇదే రాశాడు. అప్పట్లో ఆయన కార్నెగీ ఫౌండేషన్ అధ్యక్షుడు. ఎడ్‌డీని పలచబడ్డ పీహెచ్‌డీగా నడపడం వల్ల రెండూ చెడుతున్నాయన్నాడు. మరుసటేడే అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు కలిసి ఆ పట్టాను మొదటినుంచీ దిద్దుకోవడం మొదలుపెట్టాయి. బ్రిటన్‌లో బ్రిస్టల్ 1992లోనే మొదలెట్టింది.

పెదనాన్న: సరే. పట్టా పుట్టుపూర్వోత్తరాలు పక్కన పెట్టు. నీ చిక్కేంటో చెప్పు. అది లేకుండా ఏ డాక్టరేటూ డాక్టరేటు కాదు.

అమ్మాయి: ఎనిమిదో క్లాసు. నా క్లాసులో తెలుగు పిల్లలు, మలయాళీ పిల్లలు, తమిళులు, ఉర్దూ మాట్లాడేవాళ్లు. అంతా ఇంగ్లీషు మీడియమే. డిస్కౌంటు లెక్క ఒకటి ఇచ్చాను. వెనక బెంచీలో ఒక పిల్లవాడు పక్కవాడికి మలయాళంలో గుసగుసగా చెబుతున్నాడు. చేతులు చూస్తుంటేనే తెలుస్తోంది, సరిగ్గా చెబుతున్నాడని. లేపి అడిగితే నోరు పెగల్లేదు. నోటుబుక్కు తెచ్చుకు చూశాను. చివరి పేజీలో పెన్సిల్‌తో గుణకారం, తీసివేత అన్నీ సరిగానే ఉన్నాయి. జవాబు రాయాల్సిన పేజీలో మాత్రం ప్రశ్న ఎక్కించి వదిలేశాడు. అప్పట్నుంచి లెక్క రాసేముందు అయిదు నిమిషాలు, ఎవరి భాషలో వాళ్లు పక్కవాళ్లతో మాట్లాడుకోనిస్తున్నాను. ఖాళీ పేజీలు తగ్గాయి.

పెదనాన్న: తగ్గాయిగా. ఇంకేం కావాలి?

అమ్మాయి: మాట్లాడుకోనిచ్చినందుకు తగ్గాయా, తర్వాతి పాఠం తేలికైనందుకు తగ్గాయా? నాకు తెలీదు. తెలుసని నలుగురికి చెప్పలేను. తెలుసుకునే పద్ధతి కావాలి, రాసింది చదివి ఇది తప్పు అని చెప్పేవాళ్లు కావాలి.

పెదనాన్న: ముప్ఫై ఏళ్లు చెప్పినవాణ్ణి. నలభై మంది మొహాలు చూస్తే ఎవడికి ఎక్కిందో ఎవడికి ఎక్కలేదో తెలిసేది. దానికి ఏ పద్ధతీ అక్కర్లేకపోయింది. నేను శాతాలు ఎట్టా చెప్పేవాణ్ణో తెలుసా? వాళ్ల నాన్నలు నున్న నుంచి తెచ్చుకున్న మార్కెట్ పట్టీ తెమ్మనేవాణ్ణి. అయిదు టన్నుల బంగినపల్లి పోయింది. లెక్క కోసం టన్ను ఇరవై వేలనుకో. తరుగు నూటికి పది, కమీషన్ నూటికి పది అనుకో. చేతికెంతొస్తుందిరా అంటే క్లాసంతా ఒక్క గొంతుతో ఎనభై వేలండీ అనేవాళ్లు. పదీ పదీ ఇరవై, లక్షలో ఇరవై వేలు పోయాయి, అదీ వాళ్ల లెక్క. కాదురా, తరుగు పోయేది తూకంలో, కమీషన్ పోయేది డబ్బులో, వరసగా చెయ్యండి అంటే, నాలుగున్నర టన్నులు, తొంభై వేలు, అందులో తొమ్మిది వేలు పోతే ఎనభై ఒక్క వెయ్యి. ఆ వెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చింది? పీరియడంతా దానిమీదే. ఆ వెయ్యి వాళ్ల నాన్నది కాబట్టి ఒక్కడు కూడా కునుకు తీసేవాడు కాదు.

అమ్మాయి: ఇది ఎక్కడన్నా రాశారా పెదనాన్నా?

పెదనాన్న: ఎందుకు రాస్తాను? పాఠం చెప్పాను.

అమ్మాయి: మీరు రిటైరయ్యాక ఆ పట్టీ లెక్క బళ్లో ఎవరు చెబుతున్నారు?

పెదనాన్న: ...ఎవరూ చెప్పడం లేదనుకుంటా.

అమ్మాయి: షుల్మన్ 1986లో రాసింది సరిగ్గా దీని గురించే. లెక్కలు తెలిసినవాడి దగ్గర ఉండని జ్ఞానం, పాఠం చెప్పడం తెలిసినవాడి దగ్గర కూడా ఉండని జ్ఞానం ఒకటి ఉంది, ఫలానా పాఠాన్ని ఫలానా పిల్లలకు ఎట్టా చెబితే ఎక్కుతుందో, వాళ్లు ఎక్కడ తప్పుతారో తెలియడం అన్నాడు. పిల్లలు పదీ పదీ కలుపుతారని మీకు ముందే తెలుసు. ఆ తప్పు కోసమే మీరు లెక్క కట్టారు. అదే ఆ జ్ఞానం. అది మీతోనే ఆగిపోయింది.

పెదనాన్న: ఆగిపోకుండా ఉండాలంటే డాక్టరేటే కావాలా? మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి ఉంది. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు పల్లె బళ్ల కోసం కార్డులు తయారుచేశారు. ఒకే గదిలో రకరకాల తరగతుల పిల్లలుంటే ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకునేట్టు, బడిని ఒక పెట్టెలో సర్దినట్టు. పక్కన తమిళనాడు వాళ్లు ఆ తరహా పద్ధతిని వేల బళ్లలో పెట్టుకున్నారు. ఆ పని జరగడానికి కావాల్సింది బడి, ఓపిక. పట్టా కాదు.

అమ్మాయి: ఒప్పుకుంటాను. వాళ్లది చాలా పెద్ద పని. కానీ వాళ్ల వెనక రిషివ్యాలీ ఉంది. తప్పు చేసి దిద్దుకోవడానికి ఏళ్ల వ్యవధి దొరికింది, కార్డులు అచ్చేసుకునే వీలు దొరికింది, కలిసి పనిచేసే మనుషులు దొరికారు. మస్కట్‌లో ఒంటరి టీచరుకు అవన్నీ ఎవరిస్తారు? వారానికి ముప్ఫైకి దగ్గరగా పీరియడ్లు, నోటుబుక్కులు, పేరెంట్స్ మీటింగులు. గడువు పెట్టి అడిగేవాళ్లు లేకపోతే నా ఆలోచన నా డైరీలోనే ఉండిపోతుంది.

పెదనాన్న: గడువు కోసం పాతిక లక్షలా?

అమ్మాయి: ఐదారేళ్ల ఫీజు కలిపితే కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే అవుతుంది. దాచనెందుకు? జీతం పెరుగుతుందన్న హామీ కూడా లేదు. రేపు వైస్ ప్రిన్సిపాలో, ప్రిన్సిపాలో పోస్టుకు పోతే పనికిరావచ్చు, అంతే.

పెదనాన్న: ఇంకో ఖర్చు చెప్పలేదు నువ్వు. మీకు సెలవులొచ్చేది ఎండాకాలంలోనే. ఆ వారాలు బ్రిటన్‌లో కూర్చుంటే ఇక్కడికి ఎప్పుడొస్తావు? మీ నాన్నకు మోకాళ్లు. తోటలో రసాలు అయిపోయాక వస్తావు, ఒక్కోసారి రానే రావు.

అమ్మాయి: దానికి నా దగ్గర జవాబు లేదు పెదనాన్నా. అది నిజంగా పోయేదే.

(ఇక్కడ కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ఈ లెక్క ఏ ప్రాస్పెక్టస్‌లోనూ ఉండదు. పరాయి దేశంలో పనిచేస్తూ చదివేవాళ్లందరూ కట్టే అసలు ఫీజు ఇదేనని నాకు అనిపిస్తుంది.)

పెదనాన్న: దూరవిద్య అంటే నాకు చిన్నచూపని అనుకోకు. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ పెట్టింది మనవాళ్లే. 1982, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రి. రాంరెడ్డి గారు మొదటి వైస్ ఛాన్సలర్. మూడేళ్లకు ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ ఆయన్నే పిలిచారు. మీ పెద్దమ్మ పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక ఆదివారం క్లాసులకు పోయి బీఏ చేసింది. పుస్తకాలు ఇంటికి పంపేవాళ్లు. ఆ పుస్తకాలు ఎంత బాగా రాసేవాళ్లో, రెగ్యులర్ కాలేజీ పిల్లలు అడిగి పట్టుకెళ్లేవాళ్లు. కానీ బీఏ వేరు. అక్కడ తెలిసిన సంగతి నేర్చుకుంటావు. డాక్టరేట్‌లో ఎవరికీ తెలీనిది వెతకాలి. దానికి ఎదురుగా గురువుండాలి, లైబ్రరీలో ఏళ్లు గడవాలి.

అమ్మాయి: లైబ్రరీ ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చింది. యూనివర్సిటీ లాగిన్ ఉంటే రాత్రి పదకొండుకు కూడా జర్నల్ తెరుచుకుంటుంది. ఆ లాగిన్ లేకే ఇన్నాళ్లూ ఏ వ్యాసమూ మొదటి పేజీ దాటి చదవలేకపోయాను. గురువు మాట మాత్రం మీరన్నది నిజం. కోర్సు పేపర్లు పూర్తిచేసి, థీసిస్ దగ్గర ఆగిపోయేవాళ్లు చాలామంది. ఆ ఒంటరి ఏళ్లే గండం. అందుకే చేరకముందే అడుగుతున్నాను, గైడ్ ఎవరు, నెలకు ఎన్నిసార్లు మాట్లాడతారు, మధ్యలో ఆయన వెళ్లిపోతే ఎవరు చూస్తారు అని.

పెదనాన్న: ఇంకో మాట. నీ క్లాసులో పిల్లల మీద నువ్వే పరిశోధన చేస్తావు. జీతమిచ్చే బడి గురించే రాస్తావు. కాంట్రాక్టు ఉద్యోగం నీది. ఫలితం యాజమాన్యానికి నచ్చనిదైతే ఉన్నదున్నట్టు రాయగలవా?

అమ్మాయి: తల్లిదండ్రుల సంతకం కావాలి, పిల్లలు వద్దంటే తప్పుకునే వీలుండాలి, పేర్లు మార్చాలి. ఇవన్నీ యూనివర్సిటీ నైతిక సంఘం ముందు పెట్టి అనుమతి తెచ్చుకున్నాకే ఒక్క ప్రశ్నయినా అడగాలి.

పెదనాన్న: కాగితాల సంగతి కాదు నేనడిగేది. ధైర్యం సంగతి.

అమ్మాయి: ...బడి గురించి కాకుండా నా బోధన గురించే రాస్తాను. నేను చెప్పింది పనిచెయ్యలేదని తేలితే అది రాయడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పెదనాన్న: అది సగం జవాబు. సరే, ఇప్పుడు అసలు మాటకు వస్తాను. 2022 అక్టోబరులో యూజీసీ, ఏఐసీటీఈ కలిసి ఒక హెచ్చరిక వేశాయి. ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలు చెల్లవు, మోసపోవద్దు అని. ఆ మరుసటి నెలే పీహెచ్‌డీ నిబంధనలు కొత్తగా వచ్చాయి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ నడపకూడదని అందులో ఖాయం చేశారు. రేపు నువ్వు తిరిగొచ్చి ఇక్కడ ఒక బీఈడీ కాలేజీలో లెక్చరర్ పోస్టుకు దరఖాస్తు పెడితే ఏం చూపిస్తావు?

అమ్మాయి: ఆ హెచ్చరిక నేనూ ప్రింటు తీసి పెట్టుకున్నాను. అది మంచి హెచ్చరిక. ఫోన్ చేసి ఏడాదిలో డాక్టరేట్ ఇప్పిస్తామనే ఏజెంట్లు మస్కట్‌లోనూ ఉన్నారు. నేను చేరేది ఏజెంట్ ద్వారా కాదు, యూనివర్సిటీలోనే. క్యాంపస్‌లో చదివినవాళ్లకు ఇచ్చే పట్టానే నాకూ ఇస్తారా లేదా అన్నది మొదటి ప్రశ్న. అయినా మన దేశంలో చెల్లుబాటు వేరే సంగతి. విదేశీ పట్టాల తుల్యత మీద యూజీసీ 2025 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది. సగం దూరంగా చదివిన పట్టాకు తుల్యత వస్తుందన్న ఆశ పెట్టుకుని చేరకూడదు. రాతలో జవాబు తెచ్చుకోవాలి. లేదా, రాదని ఒప్పుకునే చేరాలి. నేను ఒప్పుకునే చేరుతున్నాను.

పెదనాన్న: పార్ట్ టైమ్ పీహెచ్‌డీ మన దగ్గరే ఉందిగదా! నేను చెప్పిన పీహెచ్‌డీ నిబంధనల్లోనే ఉంది. పనిచేసేచోట నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుంటే చాలు. మూడేళ్ల నుంచి ఆరేళ్లు. ఆడవాళ్లకు ఇంకో రెండేళ్లు ఎక్కువ ఇస్తారు. నాగార్జున ఉంది, మచిలీపట్నంలో కృష్ణా యూనివర్సిటీ ఉంది. ఫీజు నీ విమానం టికెట్లంత ఉండదు.

అమ్మాయి: కోర్సు వర్కుకు ఇక్కడ కూర్చోవాలి. మస్కట్ బడి అన్ని నెలలు వదలదు. అది నా అవసరం, పక్కన పెట్టండి. ఇంకోటి అడుగుతాను. నా క్లాసులో ఖాళీ పేజీలే నా టాపిక్ అంటే ఎవరన్నా ఒప్పుకుంటారా?

పెదనాన్న: ...మామూలుగా టాపిక్ గైడ్ ఇస్తాడు. మా రోజుల్లో స్టాఫ్‌రూముకు ప్రశ్నావళులు వచ్చేవి. ఉపాధ్యాయుల వృత్తి సంతృప్తి అనీ, వైఖరి అనీ. ఇంటర్వెల్‌లో టిక్కులు పెట్టి ఇచ్చేసేవాళ్లం. ఏం తేలిందో వచ్చి చెప్పినవాడు ఒక్కడు లేడు.

అమ్మాయి: ఆ టిక్కులు పెట్టినవాళ్లే ప్రశ్న అడిగేవాళ్లు కావాలన్నదే నేను వెళ్లే చదువు.

పెదనాన్న: అయితే ఇక్కడికొచ్చి అడుగు! 2020 నుంచి మన బడి పుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో తెలుగూ ఇంగ్లీషూ అచ్చేస్తున్నారు. పిల్లవాడు ఏ పేజీ చదువుతున్నాడు, ఏ పేజీ దగ్గర ఆగుతున్నాడు, లెక్క ఏ పేజీలో అర్థమవుతోంది, జవాబు ఏ పేజీలోంచి ఎత్తి రాస్తున్నాడు? మీడియం మీద అందరూ కోర్టుల దాకా కొట్టుకున్నారు గానీ, బెంచీ పక్కన కూర్చుని ఇది చూసి రాయాల్సిన పని అట్టాగే ఉంది. నీ మలయాళీ పిల్లవాడి చిక్కూ ఇదీ ఒకటే. అతనికి నువ్వున్నావు. రెడ్డిగూడెం హైస్కూల్లో పిల్లలకు ఎవరున్నారు? నీ థీసిస్ బ్రిటన్‌లో బీరువాలో ఉంటుంది, మస్కట్ బడికి పేరొస్తుంది. ఈ ఊరికేం వస్తుంది?

అమ్మాయి: ఇక్కడి టీచరు ఒకావిడ నాతో కలిసి అదే లెక్క, అదే అయిదు నిమిషాలు పెట్టి చూస్తానంటే, ఆమె క్లాసు కూడా నా థీసిస్‌లో ఉంటుంది. మీ పట్టీ లెక్క మొదటి అధ్యాయంలో పెడతాను, మీరు రాసిస్తే.

పెదనాన్న: నేను రాసిస్తాను. కానీ నా మాట మారలేదు. ఈ పట్టా ఇక్కడ దొరకాలి. దానికోసం నువ్వు పౌండ్లు కట్టడం నాకు ఇష్టం లేదు.

వాదన అక్కడికి ఆగింది. ఎవరూ ఓడిపోలేదు. ఆ అమ్మాయి చేరడం సబబేనని నేననుకుంటున్నాను. ఆమె దగ్గర సొంత ప్రశ్న ఉంది. తన ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదని చెప్పగల నిజాయితీ ఉంది. పట్టా ఇక్కడ చెల్లకపోవచ్చని తెలిసి అడుగు వేస్తోంది. ఈ మూడూ లేకుండా పేరు ముందు డాక్టర్ అని రాసుకోవడానికి చేరేవాళ్లకు మాత్రం పెదనాన్న చెప్పిందే సరైన సలహా.

అయితే ఆయన చివరి మాట మనందరినీ ఉద్దేశించిందే. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు నేల మీద పుట్టింది. ఆదివారం క్లాసులతో గృహిణులను పట్టభద్రులను చేసిన నేల ఇది. పార్ట్ టైమ్ పీహెచ్‌డీకి నిబంధనలు ఇప్పటికే దారి ఇస్తున్నాయి. మన విశ్వవిద్యాలయాల విద్యా విభాగాలు ఆ దారిలో బడి టీచర్లకు ప్రత్యేకంగా కొన్ని సీట్లు కేటాయించాలి. సొంత తరగతి గదిలోని చిక్కునే పరిశోధనాంశంగా తీసుకోనివ్వాలి. వేసవి సెలవుల్లో కోర్సు వర్కు పెట్టాలి. తెలుగులో రాస్తానన్నవారిని రాయనివ్వాలి. విద్యాశాఖ వాళ్లకు ఎన్‌ఓసీ ఇవ్వడంతో సరిపెట్టకుండా వారానికి కొన్ని పీరియడ్లు తగ్గించాలి. బడి టీచర్లు కూడా ఎవరో పిలిచేదాకా ఆగకుండా, తమ క్లాసులో పనిచేసిన పాఠం ఒక్కటైనా ఈ ఏడే కాగితం మీద పెట్టాలి.